ఒక్క బాణానికి అడవిదున్న పడుతుందా?

ఈ నెల పాఠ్య వ్యాసం రాసే వంతు 9వ తరగతికి వచ్చింది. అందరూ విటమిన్ల గురించో, ఓజోన్ పొర గురించో రాస్తారు. అవి పుస్తకంలో ఉన్నాయి కనుక మళ్లీ ఎందుకు అని, పుస్తకంలో లేనిది ఎంచుకున్నాను. బాణంతో చాలా పెద్ద జంతువును చంపడం వీలవుతుందా? వీలైతే అది సరైన పనేనా? ఈ రెండు ప్రశ్నలూ వేరు వేరు. కానీ రాస్తూ పోతే రెండూ ఒకచోటే కలిశాయి.

ప్రశ్న ఎక్కడ పుట్టిందంటే మన టీవీ గదిలోనే. ఆదివారం సినిమా అయిపోగానే 5వ తరగతి చెల్లెళ్లు వెదురు బద్ద వంచి, తాడు కట్టి, వంటగది వెనకాల మేస్తున్న బర్రె మీదికి గురి పెట్టారు. “ఒక్కటి చాలక్కా, ధబేల్మని పడుద్ది” అంది ఒకామె. బర్రెకు ఏమీ కాలేదు. తల ఎత్తి చూసి మళ్లీ గడ్డి తింది. వంట మాస్టారు మాత్రం గరిటె పట్టుకుని వచ్చారు.

సినిమాలో బాణం

మన తెలుగు సినిమాలకు ఇల్లు హైదరాబాదులోని జూబ్లీహిల్స్. అందులోనే ఫిల్మ్ నగర్ ఉంది. ఫిల్మ్ ఛాంబర్, రామానాయుడు స్టూడియో, కృష్ణ గారి పద్మాలయా స్టూడియో అన్నీ ఆ చుట్టుపక్కలే. పోయిన ఏడాది సైన్స్ ఫెయిర్‌కు వెళ్లినప్పుడు బస్సులోంచి ఆ దారి చూశాం. మా వాళ్లందరూ ఏ హీరో ఇల్లు ఏది అని ఒకవైపే చూస్తున్నారు. నేను రెండో వైపు చూశాను. ఆ వైపు కేబీఆర్ పార్కు ఉంది. పట్నం మధ్యలో నిజమైన చెట్లు, రాళ్లు. 1998లో దాన్ని నేషనల్ పార్కు చేశారు. అక్కడ నెమళ్లు ఉన్నాయి. అంటే బాణం కథలు తీసే చోటుకు పక్కనే, ఒక నెమలి మీద కూడా బాణం వేయకూడని అడవి ఉంది. ఇది తమాషాగా అనిపించింది.

ఆ సినిమాలలో విల్లు ఎవరి చేతిలో ఉంటుంది? దేవుడి చేతిలో, రాజు చేతిలో, లేకపోతే మన చేతిలో. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు సినిమాలో మన్యం వాళ్ల చేతిలో. 1976లో వచ్చిన భక్త కన్నప్పలో వేటగాడు తిన్నడి చేతిలో. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్‌లో రాముడి విగ్రహం దగ్గరి విల్లంబులు తీసుకుని రామరాజు తెల్ల పోలీసులను కొడతాడు. 2015లో వచ్చిన బాహుబలిలో అయితే విల్లు కూడా అక్కర్లేదు, భల్లాలదేవుడు కొండంత దున్నను చేతులతోనే పడగొడతాడు. మనకు ఈలలే ఈలలు. నేనూ వేశాను.

సినిమాలో బాణం వదిలే షాట్ వేరు, తగిలే షాట్ వేరు. రెండూ వేరు వేరు రోజుల్లో తీసి అతికిస్తారు. జంతువులతో సినిమా తీయాలంటే 2001 నాటి రూల్సు ఉన్నాయి. జంతువులకు బాధ కలగకూడదు, అనుమతి తీసుకోవాలి. అందుకే ఇప్పుడు పెద్ద సినిమాలలో పులులను కంప్యూటరులో తయారు చేస్తున్నారు. ఆర్ఆర్ఆర్‌లో పులి కూడా అలాంటిదే. ఇది మంచి పని. కానీ కంప్యూటరు జంతువుకు నొప్పి లేదు కనుక అది ఎంత సేపటికి చావాలో డైరెక్టరు గారి ఇష్టం. ఆయనకు రెండు సెకన్లు కావాలి. అది రెండు సెకన్లలో పడిపోతుంది.

అడవిదున్న ఎంత ఉంటుంది

చింతూరు, మారేడుమిల్లి, పాపికొండల వైపు నుంచి వచ్చిన వాళ్లకు అడవిదున్న తెలుసు. పాపికొండలను ఇంగ్లీషు వాళ్లు దున్నల కొండలు అని అర్థం వచ్చేలా పిలిచారు. హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు 1945లో కొండరెడ్ల మీద అచ్చు వేసిన పుస్తకానికి పేరే అది. పాపికొండలు 1978లో అభయారణ్యం అయ్యాయి, 2008లో నేషనల్ పార్కు అయ్యాయి.

మగ దున్న భుజం దగ్గర ఎత్తు సుమారు ఆరు అడుగులు. బరువు 800 కిలోలు, కొన్ని 1000 కిలోల దాకా. ఒళ్లంతా నలుపు, మోకాళ్ల కింద తెలుపు. మన యూనిఫాం సాక్సు వేసుకున్నట్టే ఉంటుంది. కొమ్ముల మధ్య నుదురు ఎముక గట్టుగా లేచి ఉంటుంది. మెడ వెనక వీపు మీద మూపురంలాగా కండ. తోలు మందం. మన కోయ వాళ్లు కొమ్ము నాట్యంలో, అదే పెర్మకోక్ ఆటలో, తల మీద పెట్టుకునేది దీని కొమ్ములనే. మగవాళ్లు డోలు వాయిస్తూ దున్నలు కుమ్ముకున్నట్టు కుమ్ముకుంటారు కదా, అది ఊరికే పుట్టలేదు. దున్నను ఎంతో సేపు చూసిన వాళ్లే అలా ఆడగలరు.

ఇప్పుడు లెక్క

9వ తరగతి భౌతికశాస్త్రంలో గతిశక్తి పాఠం ఉంది. సగం ద్రవ్యరాశి ఇంటూ వేగం వర్గం. బాణం బరువు 30 గ్రాములు, వేగం సెకనుకు 45 మీటర్లు అనుకుందాం. వెదురు విల్లుకు ఇది మంచి వేగమే. లెక్క వేస్తే దాని శక్తి సుమారు 30 జౌళ్లు. తుపాకీ గుండు 20 గ్రాములు, వేగం సెకనుకు 700 మీటర్లు అనుకుందాం. దాని శక్తి 4900 జౌళ్లు. అంటే బాణం కన్నా 160 రెట్లు ఎక్కువ. ఫిజిక్స్ సార్ గారికి చూపించాను, లెక్క సరిగానే ఉంది అన్నారు.

ఇది చూసి బాణం పనికిరాదు అనుకోవద్దు. కోడిని కోసే కత్తికి ఎన్ని జౌళ్లు ఉంటాయి? చాలా తక్కువ. కానీ కోస్తుంది. గుండు గుద్దుతుంది, చీలుస్తుంది, ఎముకను పగలగొడుతుంది. బాణం ఒక్కటే పని చేస్తుంది, కోస్తుంది. ములికి పదునుగా ఉండి, పక్కటెముకల సందులోంచి లోపలికి దిగి, రెండు ఊపిరితిత్తులను కోస్తే, ఛాతీలోకి గాలి వెళ్లి ఊపిరితిత్తులు ముడుచుకుపోతాయి. రక్తం లోపల కారుతుంది. మెదడుకు ఆక్సిజన్ అందదు. అప్పుడు ఎంత పెద్ద జంతువైనా కొంచెం దూరం పరుగెత్తి పడిపోతుంది. కనుక మొదటి ప్రశ్నకు జవాబు అవును. బాణంతో పెద్ద జంతువు చస్తుంది.

కానీ ఆ చోటు ఎంత ఉంటుందో చూడండి. ముందుకాలు వెనకాల, ఛాతీకి కింది సగంలో. కొంచెం ముందుకు తగిలితే భుజం ఎముక, 30 జౌళ్ల బాణం అక్కడే ఆగిపోతుంది. కొంచెం వెనక్కి తగిలితే పొట్ట. ఎదురుగా నిలబడి నుదుటి మీద వేస్తే (సినిమాలో ఎప్పుడూ అలాగే వేస్తారు) ఎముక గట్టుకు తగిలి జారిపోతుంది. అప్పుడు దున్న మన మీదికి వస్తుంది. ఇంటర్వెల్ రాదు.

ఇంకొక లెక్క ఉంది. ఇది నాకు నచ్చిన లెక్క. దున్న 25 మీటర్ల దూరంలో ఉంది. బాణం అక్కడికి చేరడానికి 25 బై 45, అంటే అర సెకను పైన. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. నారి టంగుమన్న చప్పుడు సెకనులో పదో వంతు కూడా కాకుండానే దాని చెవికి చేరుతుంది. అంటే బాణం ఇంకా దారిలో ఉండగానే దున్నకు సంగతి తెలిసిపోయింది. అది ఒక్క అడుగు ముందుకు వేస్తే చాలు, ఊపిరితిత్తి ఉండాల్సిన చోటికి పొట్ట వస్తుంది. గురి తప్పలేదు. జంతువు కదిలింది. ఈ తప్పు ఎంత గొప్ప విలుకాడికైనా జరుగుతుంది. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ గారు 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు బంగారు పతకాలు తెచ్చారు. ఆమె 50 మీటర్ల దూరం నుంచి పసుపు రంగు మధ్యలో కొడతారు. కానీ ఆ అట్టకు చెవులు లేవు.

పొట్టకు తగిలితే ఏమవుతుంది? రక్తం గురించి లెక్క వేశాను. పెద్ద జంతువులలో రక్తం బరువులో సుమారు 7 శాతం ఉంటుంది. 800 కిలోల దున్నకు 55 లీటర్లు. జూబ్లీహిల్స్‌లోనే 1998లో పెట్టిన చిరంజీవి బ్లడ్ బ్యాంక్ ఉంది. రక్తదానంలో ఒకసారికి 350 మిల్లీలీటర్లు తీస్తారు. ఆ లెక్కన ఒక దున్న దగ్గర 150కి పైగా సంచుల రక్తం ఉంటుంది. అందులో మూడో వంతు పైన పోతే గానీ అది కూలదు. అంటే మన స్నానాల గది బకెట్ నిండేంత. పొట్టలో తగిలిన బాణానికి అంత రక్తం పోదు. గాయం లోపల చీము పడుతుంది. జంతువు గంటలు కాదు, రోజులు బతుకుతుంది. ఆ రోజులు ఎలా ఉంటాయో నేను రాయలేను.

తాత చెప్పిన పద్ధతి

మా తాతను అడిగాను. ఆయన చిన్నతనంలో, అంటే 1972 చట్టం రాకముందు, మా ఊరి వాళ్లు పెద్ద వేటకు వెళ్లేవారు. తాత స్వయంగా దున్నను కొట్టలేదు, వెనకాల నీళ్ల సొరకాయ మోసుకుంటూ వెళ్లాడు. అలా అయితేనే నిజం చెబుతారు అనిపిస్తుంది నాకు. కొట్టిన వాళ్లు పెంచి చెబుతారు.

ఆయన చెప్పినది ఇది. దూరం నుంచి వేయకూడదు. గాలి మన ముఖానికి కొట్టేలా నిలబడాలి, లేకపోతే వాసన పడుతుంది. ఎదురుగా వేయకూడదు, పిరుదుల వైపు నుంచి వేయకూడదు. దూడ పక్కనున్న ఆవును వేయకూడదు. నీళ్లు తాగే చోట కాపు కాసి ఒకే రోజు రెండింటిని కొట్టకూడదు. వేశాక వెంటనే పరుగెత్తకూడదు. కూర్చుని, చుట్ట ఒకటి కాలేంత సేపు ఆగాలి. ఎందుకు తాతా అంటే, తరిమితే అది కొండ దాటిపోద్ది, తరమకపోతే దగ్గర్లోనే పడుకుంటది అన్నాడు. తర్వాత రక్తం చూడాలి. ఎర్రగా నురగ నురగగా ఉంటే ఊపిరితిత్తి, దగ్గర్లోనే దొరుకుతుంది. నల్లగా చిక్కగా ఉంటే కాలేయం, ఇంకా ఆగాలి. పచ్చటి నీరు, పేడ వాసన ఉంటే పొట్ట.

పొట్ట అయితే ఏం చేస్తారు అని అడిగాను. “వెళ్లాలి” అన్నాడు. ఎంత దూరం? “అది ఆగిందాకా.”

ఒకసారి అలా రెండు రోజులు వెళ్లారట. జొన్న రొట్టెలు అయిపోయాయి. మూడో రోజు వాగు అవతల రాళ్లల్లో రక్తం మరక ఆగిపోయింది. దున్న దొరకలేదు. బాణం వేసిన మనిషి ఆ ఏడాది పండుగకు విల్లు ముట్టుకోలేదు. ఎవరూ ముట్టవద్దు అనలేదు. ఆయనే ముట్టలేదు.

సైన్సు పుస్తకం లేకుండానే మన పెద్దవాళ్లకు ఊపిరితిత్తి, కాలేయం, పొట్ట తేడా తెలుసు. ఇది గర్వపడాల్సిన విషయం. నాకు ఇంకా ముఖ్యం అనిపించింది వేరేది. బాణంతో వేట అంటే బాణం వేయడం కాదు, ఆ తర్వాత నడవడం. సినిమాలో కోసేసేది సరిగ్గా ఆ ముక్కనే. నడక చూపిస్తే టికెట్టు ఎవరు కొంటారు?

పురాణంలోనూ, పరదేశంలోనూ

దశరథ మహారాజు కథ 6వ తరగతిలో చదివాం. ఆయన శబ్దభేది నేర్చాడు. రాత్రి సరయూ నది ఒడ్డున గుడగుడమని చప్పుడైతే, ఏనుగు నీళ్లు తాగుతోందని చప్పుడును బట్టి బాణం వేశాడు. అది కుండలో నీళ్లు ముంచుతున్న ఒక కుర్రవాడికి తగిలింది. ఆ శాపం రామాయణమంతా నడిపించింది. తాతకు ఈ కథ చెబితే వెంటనే అన్నాడు, “కనపడని దాన్ని కొట్టినోడు వేటగాడు కాదు.” రాజు అయినా అంతే.

ఏనుగును నిజంగానే బాణంతో కొట్టిన వాళ్లున్నారు. ఆఫ్రికాలోని కెన్యా దేశంలో వాటా అనే జాతి వాళ్లు మనలాంటి అడవి మనుషులు. వాళ్ల విల్లు చాలా బిగువు, మామూలు మనిషి లాగలేడు. అంత బిగువు చాలక ములికికి ఒక చెట్టు నుంచి తీసిన విషం పూసేవారు. ఆ విషం రక్తంలో కలిస్తే గుండె ఆగిపోతుంది. అంటే అంత గట్టి విల్లు ఉన్నవాళ్లు కూడా ఉత్త బాణాన్ని నమ్మలేదు. 1950లలో ఇంగ్లీషు ప్రభుత్వం అక్కడ నేషనల్ పార్కు కోసం వాళ్ల వేటను ఆపించి, చాలామందిని జైళ్లలో పెట్టింది.

అదే సమయంలో అమెరికా నుంచి హోవర్డ్ హిల్ అనే విలుకాడు వచ్చి, ఏనుగులను విల్లుతో కొట్టి, దాన్ని సినిమాగా తీసుకుని వెళ్లాడు. ఈయన ఎవరనుకున్నారు? 1938లో వచ్చిన రాబిన్‌హుడ్ ఇంగ్లీషు సినిమాలో బాణాలు వేసినాయన. వాళ్ల ఫిల్మ్ నగర్ మనిషన్నమాట. ఒకే జంతువు, ఒకే ఆయుధం. తిండి కోసం కొట్టినవాడికి జైలు, సినిమా కోసం కొట్టినవాడికి చప్పట్లు. ఇది రాస్తుంటే నాకు చేయి గట్టిగా పడింది, ఇంకు మరక మన్నించండి.

ఇంకా దగ్గరి సంగతి. 2015 జూలైలో జింబాబ్వేలో సిసిల్ అనే సింహాన్ని ఒక అమెరికా డాక్టరు డబ్బు కట్టి వేటాడాడు. ఆయన దగ్గర చక్రాలున్న కొత్త రకం విల్లు ఉంది. రాత్రి బాణం తగిలింది. సింహం చావలేదు. మర్నాడు వెతికి పట్టుకుని చంపారు. ఆ మధ్య గంటలన్నీ అది గాయంతోనే ఉంది. సింహం 200 కిలోలు ఉంటుంది. అడవిదున్న దానికి నాలుగు రెట్లు. బ్రిటన్‌లో 1981 చట్టం ప్రకారం అడవి జంతువు మీద విల్లు వాడడమే నేరం. అమెరికాలో చాలా రాష్ట్రాలలో వాడవచ్చు, అయితే విల్లుకు ఇంత బిగువు ఉండాలని చాలాచోట్ల నియమం పెట్టారు. లోకం మొత్తానికి ఈ విషయంలో ఒక మాట లేదు.

చట్టం

మన దేశంలో మాట ఒకటే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవిదున్న మొదటి షెడ్యూలులో ఉంది. చంపితే 3 నుంచి 7 సంవత్సరాల జైలు. విల్లా తుపాకీయా ఉచ్చా అని చట్టం తేడా చూడదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అది పోడు భూమికి, తేనెకు, అడవి ఫలసాయానికి హక్కు ఇచ్చింది. వేట హక్కు మాత్రం ఇవ్వడం లేదని అందులోనే స్పష్టంగా రాశారు. కనుక పండుగ వేట అని చెప్పినా కుదరదు. ఈ సంగతి ఊళ్లలో చాలామందికి తెలియదు, అందుకే రాస్తున్నాను.

తాతకు ఇది చెబితే కోపం వచ్చింది. దున్నలు తగ్గింది మా అమ్ములతోనా అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. రాజులు, దొరలు, షికారు మనుషులు మంచెల మీద కూర్చుని తుపాకులతో కొట్టారు. పశువుల నుంచి పెద్దరోగం అడవిలోకి పాకింది. 1968లో బందీపూర్, ముదుమలై అడవులలో ఆ రోగంతో దున్నలు గుంపులు గుంపులుగా చచ్చాయి. (ఆ రోగం 2011 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయింది. టీకాల వల్ల.) ఆ పైన అడవే తగ్గింది. ఇవన్నీ తాత బాణం కన్నా పెద్దవి. కానీ, తాతా, ఎవరి వల్ల తగ్గినా ఇప్పుడు మిగిలినవి కొన్నే కదా. నువ్వు చెప్పిన నియమాలలో ఒకే రోజు రెండింటిని కొట్టవద్దని ఉంది. ఎందుకంటే మిగలాలని. ఆ నియమమే ఇప్పుడు ఒక్కదాన్ని కూడా కొట్టవద్దని చెబుతోంది. ఇలా అన్నాను. తాత జవాబు చెప్పలేదు, చుట్ట వెలిగించాడు.

ఇంకొక విషయం సినిమా వాళ్లు మరిచిపోయినది. 1922 ఆగస్టులో రామరాజు గారి వెంట నడిచిన మన్యం వాళ్లకు విల్లు గురించి అందరికన్నా బాగా తెలుసు. వాళ్లు మొదట చేసిన పని ఏమిటి? చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లకు వెళ్లి తుపాకులు తీసుకున్నారు. బాణం ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలిసినవాళ్లే అలా చేస్తారు. తెరమీద విల్లు చూసి మనం చప్పట్లు కొట్టవచ్చు. కానీ మన పెద్దవాళ్ల తెలివి విల్లులో మాత్రమే ఉందని అనుకుంటే వాళ్లను తక్కువ చేసినట్టే. ఆర్ఆర్ఆర్‌లో నాకు నచ్చిన చోటు బాణాల చోటు కాదు. భీం పులిని పట్టి, నీతో నా పని కోసం తప్పలేదని దానికి క్షమాపణ చెప్పుకుంటాడు. అది రాసినవాళ్లకు అడవి మర్యాద కొంచెం తెలుసు అనుకున్నాను.

పేడనీళ్ల సంగతి

ఇక రెండో ప్రశ్న, సరైన పనేనా అనేది. తిండికి, కూర్చుని చూసి, దగ్గరగా వేసి, ఆగిందాకా నడిచిన కాలంలో అది తప్పు అని నేను అనను. అప్పుడు మా వాళ్లకు వేరే మాంసం లేదు, అడవి నిండుగా ఉంది. ఇప్పుడు సంతలో బ్రాయిలర్ కోడి దొరుకుతుంది. విల్లు లాగే చేతులు చదువులకి, కూలికి వెళ్లిపోయాయి. ఏడాదికి ఒకసారి పండుగకు మాత్రమే విల్లు తీసే మనిషి గురి, ఏడాది పొడుగునా వేసే మనిషి గురిలాగా ఉండదు. అలాంటి గురితో దున్నను కొడితే పొట్టకే తగులుతుంది. తర్వాత రెండు రోజులు నడిచే ఓపిక ఉందా? మూడో రోజు డ్యూటీ ఉంటుంది కదా. నడవలేనివాడు వేయకూడదు. అడ్డతీగల వైపు కుందేళ్లకైనా, మా వైపు దున్నకైనా ఇదే మాట.

ఇందులో మన ఆడపిల్లల వాటా ఉంది, అది చెప్పకుండా ఉంటే ఈ వ్యాసం సగమే. భూమి పండుగకు మా ఊళ్లో మగవాళ్లు వేటకు వెళతారు. మనం దారికి తాడు కట్టి పాటలు పాడి డబ్బులు అడుగుతాం. సాయంత్రం ఉత్త చేతులతో తిరిగి వచ్చిన వాళ్ల మీద పేడనీళ్లు పోసి నవ్వుతాం. అరకు, పాడేరు వైపు అక్కలు వాళ్ల ఇటుకల పండుగలో కూడా ఇలాంటి ఆట ఉందని చెప్పారు. భలే సరదా. కానీ ఒక మనిషి పేడనీళ్లకు భయపడి, చీకటి పడుతుండగా, దూరం నుంచి, సరిగ్గా కనపడని దాని మీద బాణం వేస్తే? దశరథుడు చేసింది అదే. వెనకాల నవ్వే వాళ్లు లేకపోయినా చేశాడు.

సెలవులలో ఈ మాట మా అత్తతో అన్నాను. పండుగ ఎలా మానేస్తామే అంది. మానేయవద్దు అత్తా, విల్లు ఎత్తుకుని వెళ్లనీ, గట్టు మీద గొడ్డలి గీత పెట్టిన చెట్టుకు వేసి పందెం ఆడనీ, కొమ్ముల ఆట ఆడనీ, ఉత్త చేతులతో వచ్చినవాళ్లకు మాత్రం నీళ్లు వద్దు అన్నాను. అత్త చాలా సేపు ఇప్పపువ్వు ఏరుతూ ఊరుకుంది. తర్వాత అంది, “మరి జంతువు తెచ్చినోడి మీద పోద్దామా?”

ఈ మాటకు ఊళ్లో ఆడవాళ్లందరూ నవ్వారు. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు, ఆలోచించాల్సిన మాటే అంది. వచ్చే పండుగకు ఏం చేస్తారో తెలియదు. మీ మీ ఊళ్లలో ఏం పద్ధతి ఉందో, మీ తాతలు రక్తం రంగు గురించి ఇంకేమైనా చెప్పారో, కింద అంటించిన తెల్ల కాగితం మీద రాయండి. పెన్సిలు దారానికి కట్టి ఉంది, తీసుకుపోవద్దు.

— 9వ తరగతి విద్యార్థిని